కుక్కర్‌లో ఉడికిన మేక పుర్రె ఎందుకు పాడైంది? ఎముకలు శుభ్రం చేసే పద్ధతి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. మీరు ఖమ్మంలో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నారు. గీసుకోడానికని మటన్ షాపు నుంచి మేక తలకాయ తెచ్చి, ప్రెషర్ కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ పెట్టి, మాంసం గీకేసి, బట్టలకు వాడే బ్లీచింగ్ లిక్విడ్‌లో రాత్రంతా నానబెట్టారు. నెల తిరిగేసరికి నుదుటి మీద పసుపు మరకలు వచ్చాయి. ముక్కు దగ్గర ఎముక సుద్దలా రాలుతోంది. గదిలో పాతబడ్డ నూనె వాసన. ఎక్కడ తప్పు జరిగింది, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి, పొలాల్లో దొరికిన ఎముకలు తెచ్చుకోవచ్చా అని అడిగారు. పాలేరు గట్టున దొరికిన ఒక దవడ గురించి కూడా రాశారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో 22 ఏళ్ళు పనిచేశాను. కప్ప, పావురం, కుందేలు అస్థిపంజరాలు తయారుచేసి అద్దాల పెట్టెల్లో పెట్టడం నా డ్యూటీ. ఆ పని అలవాటై, రిటైరయ్యాక ఇంటి మీద సొంతంగా చేసుకుంటున్నాను. మీరు చేసిన తప్పులన్నీ నేనూ చేశాను. కుక్కర్ ఒక్కటే వాడలేదు, అది మా ఆవిడ చేతికి అందే చోట ఉండేది కాబట్టి.

ముందు కుక్కర్ సంగతి. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు సున్నపు ఖనిజం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే పీచు. ఈ రెండూ అల్లుకుని ఉంటేనే ఎముకకు గట్టిదనం. కాళ్ళ పులుసు రాత్రి మిగిలితే తెల్లారేసరికి జెల్లీలా గడ్డకడుతుంది కదా, అది ఎముక నుంచి, కండను ఎముకకు కట్టి ఉంచే నరాల నుంచి దిగిన కొల్లాజెనే. పులుసు రుచిగా ఉందంటే ఎముక పాడైందని లెక్క. మీ కుక్కర్‌లో జరిగిందీ అదే. పీచు కరిగి నీళ్ళలోకి పోయింది. అదే వేడికి మూలుగలోని కొవ్వు కరిగి ఎముక సన్న రంధ్రాల్లోకి ఎక్కి అక్కడే ఉండిపోయింది. నెల తర్వాత కనబడిన పసుపు మరకలు ఆ కొవ్వే.

ఇక బ్లీచింగ్ లిక్విడ్ మిగిలిన పీచును కూడా తినేసింది. అది కడిగేశాక కూడా రంధ్రాల్లో మిగిలి మెల్లగా పని చేస్తూనే ఉంటుంది. అందుకే మొదటి రోజు మెరిసిన పుర్రె నెల తర్వాత పొడి రాలుస్తుంది. పోయిన పీచు తిరిగి రాదు. ఇప్పటికి దాన్ని వారం రోజులు మంచినీళ్ళలో నానబెట్టండి, రోజూ నీళ్ళు మార్చండి. నీడలో బాగా ఆరాక, తెల్ల ఫెవికాల్‌ను పాలంత పల్చగా నీళ్ళలో కలిపి కుంచెతో రెండు మూడు పూతలు వేయండి. బొమ్మ గీసుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

కొత్తవాళ్ళందరికీ తెలుపు మీదే ధ్యాస. అసలు పని కొవ్వు తీయడం. కొవ్వు పోయిన ఎముక లేత మీగడ రంగులో ఉన్నా వందేళ్ళు నిలుస్తుంది. కొవ్వు ఉన్నదాన్ని ఎంత తెల్లగా చేసినా మళ్ళీ పసుపెక్కుతుంది, జిడ్డు కారుతుంది, దుమ్ము పట్టి నల్లబడుతుంది.

ఇప్పుడు మొదటి నుంచి. మన మటన్ షాపుల్లో ఒక ఇబ్బంది ఉంది. తలకాయ అడిగితే మంట మీద బొచ్చు కాల్చి, మెదడు కోసం నడినెత్తిన కత్తితో రెండు చెక్కలు చేసి ఇస్తారు. కూరకు అదే సరైన పద్ధతి, మనకు మాత్రం రెండూ నష్టమే. కాలిన చోట ఎముక నల్లబడి పెళుసవుతుంది. కాబట్టి ముందురోజే వెళ్ళి చెప్పండి: “అన్నా, రేపు ఒక తల కాల్చకుండా, కొట్టకుండా, తోలు తీసి పెట్టు.” మొదటిసారి ఆయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. రెండోసారికి మీకోసం మంచి కొమ్ములున్న తల తీసి పక్కన పెడతాడు. ఆదివారం పొద్దున రద్దీలో మాత్రం అడగొద్దు. బక్రీద్ తర్వాత రెండు రోజులు తలలు బాగా దొరుకుతాయి, తెలిసినవాళ్ళుంటే అడగండి.

తల కొనేముందు పళ్ళు చూడండి. మేకకు, గొర్రెకు పై దవడలో ముందు పళ్ళుండవు, కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు పోయి పెద్దవి జతలు జతలుగా వస్తాయి. సంతలో “రెండు పళ్ళది”, “నాలుగు పళ్ళది” అనేది దీన్ని బట్టే. రెండు పళ్ళంటే ఏడాది, ఏడాదిన్నర. ఎనిమిదీ వచ్చాయంటే నాలుగేళ్ళ దాకా ఉంటుంది. పిల్ల తలైతే ఎముకల అతుకులు కలిసి ఉండవు, నీళ్ళలో వేశాక ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. మీరు కనీసం నాలుగు పళ్ళది అడగండి.

ఇంటికి తెచ్చాక కళ్ళు, నాలుక, చెంపల మాంసం చిన్న కత్తితో కోసి తీసేయండి. ఎముకను గీకొద్దు, కత్తి గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి. మెదడును పుర్రె వెనక వెన్నుపాము వచ్చే రంధ్రంలోంచి వంచిన తీగతో కదిపి, పైపుతో నీళ్ళు కొట్టి బయటికి తెప్పించాలి. మిగిలిన మాంసం పని బాక్టీరియాకు వదిలేయాలి. ఖాళీ పెయింటు బకెట్, మూత ఉన్నది, 20 లీటర్లది చాలు. తల మునిగేలా మామూలు నీళ్ళు పోయండి. ఉప్పు వద్దు, సబ్బు వద్దు. వాసన భయంతో ఫినాయిల్ వేస్తారు కొందరు, అప్పుడు పని చేయాల్సిన బాక్టీరియానే చచ్చిపోతుంది. మూతకు చిన్న రంధ్రం పెట్టి, ఈగలు దూరకుండా దోమతెర గుడ్డ కట్టండి.

ఈ పనికి మన ఎండ వరం. చలి దేశాల్లో ఈ బకెట్‌ను వెచ్చగా ఉంచడానికి హీటర్ పెట్టుకుంటారు. 35 డిగ్రీల దగ్గర ఈ బాక్టీరియా జోరుగా పనిచేస్తుంది, మనకు మార్చి నుంచి జూన్ దాకా అది ఊరికే దొరుకుతుంది. మే నెలలో నాకు మేక తల రెండు వారాల్లో అయిపోతుంది. డిసెంబరులో నలభై రోజులైనా పడుతుంది. నాలుగైదు రోజులకోసారి సగం నీళ్ళు తీసి సగం కొత్తవి పోయండి. మొత్తం పారబోస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది. తీసిన నీళ్ళను డ్రైనేజీలో పోస్తే వీధి మొత్తం లేస్తుంది. కొబ్బరి చెట్టు మొదట్లో గుంట తీసి పోసి మట్టి కప్పండి. పారబోసేటప్పుడు జల్లెడ తప్పనిసరి. మొదట్లో నేను వడకట్టకుండా పోసి, ముందు పళ్ళు ఆరు పోగొట్టుకున్నాను. ఆ పుర్రె ఇప్పటికీ ముసలమ్మ బోసినవ్వులా ఉంటుంది.

వారం, పది రోజులకు కొమ్ము వదులవుతుంది. మనకు కనిపించే కొమ్ము ఒక తొడుగు మాత్రమే, మన గోరు లాంటి పదార్థం. లోపల ఎముక కడ్డీ ఉంటుంది. మెల్లగా తిప్పి లాగితే చాకు ఒరలోంచి వచ్చినట్టు వస్తుంది. రెండింటినీ విడిగా కడిగి, తొడుగును నీడలో ఆరబెట్టి, చివర్లో మళ్ళీ ఎక్కించాలి. తొడుగును తీయకుండా వదిలేస్తే లోపలి మాంసం కుళ్ళి ఏడాది పాటు వాసన కొడుతుంది. కొమ్మును ఎండలో పెడితే పొరలు పొరలుగా చీలుతుంది, దానికి తెలుపు చేసే మందు అసలే తగలకూడదు.

వాసన గురించి చాలామంది అడుగుతారు. వస్తుంది. ఎవరైనా రాదంటే నమ్మకండి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకుంటే ఎన్ని నిమ్మకాయలు రుద్దినా రెండు రోజులు వదలదు. దాబా మీద మూలన, గాలివాటు చూసుకుని పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఈ పద్ధతి వదిలేసి, పెద్ద మట్టికుండలో మట్టి నింపి తలను పూడ్చి, పైన రాయి పెట్టండి, కుక్కలు తవ్వకుండా. ఆరు నెలలు, ఏడాది పడుతుంది. ఎర్రమట్టిలో పెడితే ఎర్రని చాయ వస్తుంది, కొందరికి అదే నచ్చుతుంది.

మ్యూజియంల వాళ్ళు పురుగులతో తినిపిస్తారు. ఆ పురుగు మనకు కొత్తేమీ కాదు. మన కోస్తాలో ఎండు చేపలకు పట్టే నల్లటి చిన్న పెంకు పురుగు ఉంటుందే, దాని బంధువర్గమే. వెంట్రుకల పిల్ల పురుగులు ఎండిన మాంసాన్ని చిన్న ఎముకల సందుల్లోంచి కూడా శుభ్రంగా తినేస్తాయి. పిట్టలకు, చిన్న చేపలకు అంతకు మించిన పద్ధతి లేదు. కానీ ఇంట్లో పెంచొద్దు. తప్పించుకుంటే ఉన్ని బట్టలు, తోలు చెప్పులు, చివరికి మీరు దాచుకున్న అస్థిపంజరాల మీద నరాలు కూడా మిగలవు. మా ల్యాబ్‌లో ఒకసారి బయటపడి, పాత ఉడుత నమూనా ఒకటి పొడి చేసిపెట్టాయి.

మాంసం పోయాక కొవ్వు పని. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు వేసి పుర్రెను ముంచండి. బట్టల పౌడరు వద్దు, వాటిల్లో కొన్నింటిలో ఉండే ఎంజైములు కొల్లాజెన్‌ను కొరికేస్తాయి. చాకలి సోడా, కాస్టిక్ సోడా మాట ఎత్తొద్దు. నల్ల బకెట్‌ను ఎండలో పెడితే నీళ్ళు వాటంతటవే వేడెక్కుతాయి. చేయి పెట్టి ఉంచగలిగినంత వేడి చాలు. నీళ్ళు మబ్బుగా మారగానే మార్చండి. మేకకు నెల, నెలన్నర. పంది తలకైతే ఆరు నెలలు కూడా చూశాను. తొడ ఎముకల్లాంటివాటికి లోపల మూలుగ ఉంటుంది కాబట్టి రెండు కొసల్లో సన్న రంధ్రం చేయాలి. ఆ రంధ్రం చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి చేస్తే పొడి లేవదు.

అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, మూడు రోజులు నీడలో ఆరబెట్టి చూడండి. ఎక్కడైనా నూనె కాగితంలా మెరిసే మచ్చ కనబడితే ఇంకా ఉంది, మళ్ళీ బకెట్‌లోకి. ఈ దశలోనే అందరూ విసిగిపోతారు. నేను ఒక గొర్రె పుర్రెను నాలుగుసార్లు ఆరబెట్టి నాలుగుసార్లు వెనక్కి వేశాను.

తెలుపు ఆఖరున. మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం దొరుకుతుంది, సీసా మీద 20 వాల్యూమ్ అని కూడా ఉంటుంది. సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పోసి పుర్రెను ముంచి ఒకటి రెండు రోజులు ఉంచండి. మూత బిగించొద్దు, లోపల ఆక్సిజన్ పెరిగి డబ్బా పగులుతుంది. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ఇంకా ఘాటైనది తెచ్చి పని తొందరగా ముగిద్దామని మాత్రం చూడకండి. చర్మం మీద పడితే తెల్లగా కాలుతుంది, ఎముక కూడా పాడవుతుంది. తర్వాత మంచినీళ్ళలో కడిగి నీడలో రెండు వారాలు ఆరనివ్వండి. తొందరపడి ఎండలో పెడితే పళ్ళు నిలువునా పగులుతాయి. ఊడిన పళ్ళను తెల్ల ఫెవికాల్‌తో అతికించండి, తప్పుగా పెడితే నీళ్ళతో మళ్ళీ ఊడదీయొచ్చు. ఫెవిక్విక్‌తో ఆ అవకాశం ఉండదు. మ్యూజియంల వాళ్ళు పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి పూస్తారు. కొవ్వు తీసిన ఎముకకు అది మంచిదే, కొవ్వున్నదానికి ఏ వార్నిష్ వేసినా లోపల పసుపు బంధించినట్టే.

బ్రాయిలర్ కోడితో మొదలుపెడదామనుకుంటారు చాలామంది, చవక కదా అని. వద్దు. అది నలభై రోజుల పిల్ల, ఎముకల కొసలు ఇంకా మెత్తని మృదులాస్థే. చివరికి ఎముకల బదులు కొసలు లేని పుల్లలు మిగులుతాయి. ముదురు నాటుకోడి దొరికితే చేయండి. చేపల్లో రాగండి, బొచ్చె చాలా బాగుంటాయి. వాటి నోట్లో పళ్ళుండవు, గొంతు లోపల ఉంటాయి. ఆ గొంతు ఎముకను చూపిస్తే మా మనవరాలు ఇదేదో రాక్షసుడి దవడ అనుకుంది. ఇంకా సులువైనది కావాలంటే మేక వెనక కాలి చీలమండ ఎముక. మటన్ కొట్టేవాణ్ణి ఆ కీలు మీద కత్తి వేయొద్దని చెప్పండి. ప్రాచీన గ్రీకుల నుంచి మంగోలియా పశుల కాపర్ల దాకా దాన్ని పాచికగా ఆడారు. మంగోలియాలో నాలుగు పక్కలకూ గుర్రం, ఒంటె, గొర్రె, మేక అని పేర్లు. నాలుగెముకలు శుభ్రం చేసి రంగేస్తే తొందరగానే మీ మొదటి వస్తువు చేతికొస్తుంది. కొమ్ముతో పని చేయాలని ఉంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చెక్కేవాళ్ళున్నారు, వెళ్ళి చూడండి. వేడి చేసి కొమ్మును వంచే తీరు చెబితే వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే విషయం. ఒకప్పుడు ఊళ్ళ బయట కళేబరాలను రాబందులు గంటల్లో ఒలిచేసేవి, ఎముకలు శుభ్రంగా ఎండలో పడి ఉండేవి. పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి, 1992 నుంచి 2007 లోపు తెల్ల వీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు, రాబందులు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ కళేబరాలు కుక్కల పాలు. పొలంలో దొరికే ఎముక అంటే ఎలా చచ్చిందో తెలియని జంతువు ఎముక. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన పశువు అయితే ఆ క్రిమి బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. స్కాట్లండ్ దగ్గర గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో 1942లో గొర్రెల మీద ఆ క్రిమితో ప్రయోగాలు చేస్తే, దీవిని ఫార్మాల్డిహైడ్‌తో కడిగి, మనుషులకు క్షేమమని ప్రకటించేసరికి 1990 అయింది. ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారి చచ్చిన పశువును ముట్టుకోవద్దు, పశువుల డాక్టరుకు చెప్పండి. కుక్క, పిల్లి తలలు కూడా తేవొద్దు, రేబిస్ భయం.

అడవి జంతువుల మాటకొస్తే చట్టం చాలా స్పష్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రక్షిత జంతువు దానంతటది చచ్చి దొరికినా అది ప్రభుత్వ ఆస్తి. ఉడుము, ముంగిస, నక్క, కొండచిలువ, ఏదైనా సరే. దుప్పి రాల్చిన కొమ్ము అడవిలో దొరికింది కదా అని జేబులో వేసుకున్నా కేసే. నెమలి రాల్చిన ఈకకు మినహాయింపు ఉంది, నెమలి ఎముకకు లేదు. మా ఒంగోలు వైపు సముద్రపు ఒడ్డున చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చచ్చి కొట్టుకొస్తాయి. ఆ పుర్రె అందం చూసి నా చేయి ఎన్నిసార్లు ముందుకెళ్ళిందో. ఫోటో తీసుకుని వచ్చేస్తాను. కొన్న మాంసం బిల్లు, షాపు పేరు, తేదీ చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి ప్రతి ఎముకకూ కట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే అదే మీ సాక్ష్యం.

చట్టం కన్నా పెద్ద సమస్య పక్కింటివాళ్ళు. 2016 వేసవిలో దాబా మీద మూడు మేక పుర్రెలు వరసగా ఆరబెట్టాను. నా దురదృష్టం, అది అమావాస్య. పక్కింటి వాళ్ళబ్బాయికి ఆ వారమే జ్వరం. సాయంత్రానికి మా గుమ్మంలో పదిహేనుమంది. చేతబడి అనే మాట ఎవరూ పైకి అనలేదు కానీ అందరి ముఖాల్లో అదే. కాలేజీలో నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఆ వీధిలో ఉండబట్టి సరిపోయింది, వాళ్ళను దాబా మీదికి తీసుకెళ్ళి పళ్ళు లెక్కపెట్టించాడు. మీ తెలంగాణ ఊళ్ళలో బాణామతి పేరుతో మనుషుల్ని కొట్టిన సంగతులు మీకు తెలిసినవే. నవ్వుకునే విషయం కాదిది. పని మొదలుపెట్టక ముందే పక్కవాళ్ళకు చెప్పండి, పిలిచి చూపించండి, బయటికి కనబడేలా ఆరబెట్టకండి. మీ అమ్మగారికి ఎముకలు ఇంట్లో ఉంటే అరిష్టమని భయమన్నారు. నేను మా అమ్మకు దధీచి వెన్నెముకతో వజ్రాయుధం చేసిన కథ చెప్పి చూశాను. “ఆయన ఋషి, నువ్వు తెచ్చింది మేక” అంది. చివరికి పుర్రెలు దాబా గదిలో ఉండాలి, దేవుడి గది ఉన్న అంతస్తులోకి దిగకూడదు అనే ఒప్పందం కుదిరింది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

చివరిగా పాలేరు గట్టు దవడ. మీరు రాసిన ప్రకారం జానెడున్నర పొడవు, కింది దవడ, ముందు ఎనిమిది పళ్ళ గుంటలు, వెనక అరిగిన పెద్ద దంతాలు. అది గేదెదో ఆవుదో. దవడ ఒక్కటే చూసి ఏదో తేల్చడం కష్టం. దాన్ని ఉత్త చేతులతో పట్టుకుని గీకకండి, కడగకండి, డ్రిల్ పెట్టకండి. ప్లాస్టిక్ సంచీలో మూతి కట్టి పక్కన పెట్టి, ఆ గట్టు మీద గేదెలు మేపేవాళ్ళను అడగండి, అక్కడ ఏ పశువు ఎప్పుడు ఎలా పోయిందో వాళ్ళకు గుర్తుంటుంది. ముసలితనంతోనో పాము కాటుతోనో పోయిందని గట్టిగా చెబితే కొవ్వు తీసే బకెట్‌లో వేయండి. రోగం అన్నా, తెలీదన్నా, ముట్టుకోకుండా అలాగే ఉంచి పశువుల డాక్టరును అడిగి ఆయన చెప్పినట్టు లోతుగా పూడ్చేయండి. అంత దవడ మళ్ళీ దొరుకుతుంది.